సబ్జెక్టు గడిలో నాన్న

ఆదివారం పొద్దున

అన్నయ్యకు,

పెద్దవాడివి కాబట్టి ముందు నమస్కారం, కోపం తర్వాత. వదిన, పాప కులాసా అనుకుంటాను. ఇక్కడ కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నాన్న మంచం దిగడం లేదు. చూడాల్సినవాళ్లను పిలిపించుకోమన్నారు డాక్టరుగారు.

అమ్మ పోయిననాడు ఆలస్యంగా వచ్చావని నాన్న నిన్ను నలుగురిలో తిట్టారు. ఆయన ఒక్క ముక్క రాస్తే రెక్కలు కట్టుకుని వాలతానని వెళ్లిపోయావు. రాశాను, వాడే పలకలేదని ఆయన. ఏదీ అందలేదని నువ్వు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్క. నిజం చెప్పనా, ఆయనే బొంకుతున్నారనుకున్నాను.

నువ్వు ఆ బ్రాంచికి మారాక, నువ్వు చూసుకునే మన ఆఫీసు మెయిల్ సర్వర్ నా నెత్తిన పడిందిగా. మెయిళ్లు దారిలోనే మాయమవుతున్నాయని ఒకటే గోల. సర్వర్ రాసుకునే చిట్టా, ఆ లాగ్‌లో చూస్తే ఎవరు, ఎవరికి, ఎప్పుడు, అంతే. అందుకని సబ్జెక్టూ, ఆపేసిన కారణమూ కూడా నమోదయ్యేలా సెట్టింగు మార్చాను. మర్నాడు చూద్దును కదా, నీకు వచ్చిన ఒక మెయిల్‌ను లోపల ఖాళీ అని సర్వర్ పారేసింది. పంపింది నాన్న. సబ్జెక్టు ఇది: ‘ఒరే పెద్దోడా, నలుగురిలో అన్నాను, తప్పు నాదేరా. నువ్వొస్తే’

అక్కడితో తెగింది. లాగ్‌లో అంతకంటే పొడుగు పట్టదు.

ఉత్తరమంతా సబ్జెక్టు గడిలోనే రాశారన్నయ్యా! కింద అంత జాగా ఉందని ఆయనకెవరు చెప్పారు? పాత లాగ్‌లో ఇలాంటివి ఇంకా బోలెడున్నాయి. వాటికి తేదీలున్నాయి, మాటల్లేవు. ఆయన ఫోన్లో వెతికాను. పోస్టు డబ్బాలో వేసేసిన ఉత్తరం మన దగ్గరెందుకని, పంపగానే చెరిపేసేవారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

నువ్వొస్తే ఏమిటి నాన్నా అని అడిగాను. వాడికే చెప్తానని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మాట ఆయన నోట ఉండగానే రా.

నా ఫోన్లు ఎత్తవు, సర్వర్ మీద నాకు నమ్మకం పోయింది. అందుకే కాగితం మీద రాసి, మీ బ్రాంచికి వస్తున్న డ్రైవరుగారి చేతికిస్తున్నాను. ఆయన బండిలోనే వచ్చెయ్.

నీ చెల్లెలు,
పొట్టి

తా.క. ఖాళీ మెయిళ్లను పారేసే రూలు తీసేశాను. ఆ రూలు పక్కనే, దాన్ని పెట్టినవాళ్ల పేరు కూడా ఉంది. నీదే. పనిలో భాగంగా పెట్టావు, అందులో నీ తప్పేముంది? సర్వర్ పాడైందని నాన్నకు చెప్పాను. నువ్వూ అదే చెప్పు.