మనం, మేము, ఇంగ్లీషు 'వీ'

అక్కకు,

మా ఇంగ్లీషు మాస్టారు సాయంత్రం బ్యాచ్ గదికి తాళం వేశాడు. పరీక్ష ఇరవై రోజులుందనగా వేశాడు. ముందు క్షేమం రాయాలని తెలుసు. కానీ ఈ మాట కడుపులో పెట్టుకుని రాస్తే అది క్షేమం కాదు, అబద్ధం. ఇప్పుడు రాస్తున్నాను: నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

గోదాములో భోజనాల బెల్లు కొట్టారు. ఓ పెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దుటినుంచి మోసీ మోసీ వేళ్ళు కలం పట్టనంటున్నాయి, అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు. "ఇంకా ఆ కార్మిక సంఘం కరపత్రాలే చదువుతున్నావా?" అని నీ ఉత్తరంలో అడిగావు. చదువుతున్నాను. ప్రతి పేజీలోనూ మనం, మనం అని ఉంటుంది. ఆ మాట దగ్గరే నా పరువు పోయింది. చెబుతాను, ఉండు.

ముందు నీ వ్యాకరణం. నువ్వూ ఈ పరీక్షే రాయాలి కదా. 'ఎ', 'ది' ఎక్కడెక్కడ పెట్టాలని అడిగావు. ఏదో ఒక తాళం అయితే 'ఎ లాక్'. మా గది తలుపుకి వేలాడే ఆ తాళం, ఇప్పుడు నీకూ తెలిసిన తాళం అయితే 'ది లాక్'. ఇంక మరిచిపోవు. రోజూ చేసే పని చెప్పేటప్పుడు అతనో, ఆమో, అదో ఒక్కరే అయితే క్రియకి 'ఎస్' తగిలించాలి: 'షి వర్క్స్'. పదిమందయితే అక్కర్లేదు: 'దే వర్క్'. నేను, నువ్వు అన్నప్పుడూ అక్కర్లేదు. ఒంటరివాళ్ళ నెత్తినే ఈ అదనపు బరువెందుకని క్లాసులో లేచి అడిగాను. "నీ విప్లవం తర్వాత, ముందు స్పెల్లింగు చూసుకో" అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రం బ్యాచ్‌లో పనిచేసి వచ్చేవాళ్ళం పదకొండుమందిమి. లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసే పిన్ని, డ్రైవరు బాబాయి, మిగతావాళ్ళు. మా వేళలో పొద్దుటి బ్యాచ్ పిల్లలకి వాళ్ళ గదిలో అదనపు గంటలు చెప్పాలట, వాళ్ళు పాసైతేనే ఆయన ట్యూషను బోర్డుకి వెలుగట. పిన్ని పాసైతే ఆస్పత్రి లాండ్రీలో గట్టి ఉద్యోగం. ఈసారి తప్పితే ఆ ఖాళీ ఆవిడ కోసం ఎదురుచూడదు.

ఊగిపోయింది నేనే. 'వీ విల్ నాట్ లీవ్' అని మొదలుపెట్టి ఇంగ్లీషులో అర్జీ రాశాను. మాస్టారు తన గదిలో మా అందరి ముందూ చదివి, ఎర్ర కలం తీసి, తప్పులు దిద్ది, అడుగున పదికి నాలుగు వేసి ఇచ్చాడు. అర్జీకి మార్కులేమిటక్కా! ఆపైన కళ్ళజోడు దించి, "ఈ 'వీ' అంటే ఎవరోయ్?" అన్నాడు.

మనకి మనం వేరు, మేము వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషుకి రెండూ 'వీ'నే. లోపలెవరో బయటెవరో ఆ మాట చెప్పదు. పరీక్షలో ఇది అడగరు. నన్ను అడిగారు.

ఇది నీకు రాయకుండా దాటేద్దామనే ఇందాకటి నుంచి నియమాలతో కాగితం నింపాను. "వాళ్ళు రాయమన్నారు సార్, ఇంగ్లీషు మాత్రమే నాది" అన్నాను. వాళ్ళు అన్నానక్కా. పొద్దుటి బ్యాచ్‌లో నాకొక కుర్చీ ఇస్తానని అంతకుముందు రోజే ఆశపెట్టాడు.

అప్పుడు పిన్ని లేచింది. ఇంగ్లీషులో నోరు విప్పడానికే భయపడే మనిషి. "ఐ" అంది. "ఐ, సార్." అంతే, క్రియ కూడా లేదు. పరీక్షకి పంపే జాబితాలోంచి మాస్టారు ఆవిడ పేరొక్కటే కొట్టేశాడు.

మెట్లు దిగుతూ పిన్ని నన్నొక్క మాట తిట్టలేదు.

"నాయనా, ఇంగ్లీషులో 'నేను'ని ఎప్పుడూ పెద్దక్షరంతోనే రాయాలని చెప్పావు కదూ? వాక్యం మధ్యలో వచ్చినా?"

"మధ్యలో వచ్చినా అంతే, పిన్నీ."

"మరి నువ్వేమిటి, అంత చిన్నగా నిలబడ్డావు?"

నాలుగు రోజులైంది. ఆ పొద్దుటి కుర్చీలో కూర్చోలేదు. కోపం కూడా రావడం లేదు, ఉత్త అలసట. కొత్త అర్జీ రాశాను. 'ఐ'తో మొదలవుతుంది. మొదటి సంతకం నాది. నిన్న డ్రైవరు బాబాయికి చూపిస్తే, "శనివారం ధర్నాకి నువ్వొస్తావా, వాళ్ళొస్తారా?" అన్నాడు. పడాల్సిన మాటే, పడ్డాను.

జాబితా సోమవారం వెళ్ళిపోతుంది. ఆలోగా పిన్ని పేరు మళ్ళీ ఎక్కాలి. శనివారం సాయంత్రం, మా క్లాసు వేళకే, ఆ తాళం ముందు మెట్లమీద కూర్చుంటున్నాం. నువ్వు మధ్యాహ్నం బస్సెక్కితే అందుకుంటావు. పాపనీ తీసుకురా. ఆయన మళ్ళీ కళ్ళజోడు దించితే నా నోట ఏం వస్తుందోనని భయంగా ఉంది, పక్కన నువ్వుంటే బాగుండును. అర్జీలో 'ది'లు ఎక్కడ మరిచానో కూడా చూద్దువుగాని.

శనివారం. ఆరు గంటలకి. మనం.

ఇట్లు,
నీ తమ్ముడు