దుప్పి కొమ్ము, తేనెటీగ మైనం

4-11-68, సోమవారం. బొబ్బిలి.
ఈ రోజూ కుడి చెవి వినపడలేదు, ఎడమదీ మందగించింది. కొత్త వీణకి మేళం కడుతున్నాను — ఇరవై నాలుగు మెట్లూ తేనెటీగల మైనంలో శ్రుతికి నిలబెట్టాలి. మధ్యమం ఎక్కడుందో తెలియడం లేదు. చీకట్లో చెప్పులు వెతికినట్టు వేలితో వెతుకుతున్నాను.
నా పెళ్లాం నర్సమ్మ మైనం కరిగించే బొగ్గులు ఊదుతూ నా మొహమే చూస్తోంది.

6-11
అన్నయ్య వీణ అంచుకి అతికే దుప్పి కొమ్ము అరగదీస్తూ వేళాకోళం. "నీదేటిరా, ఈగ కక్కిన మైనం పులమడవే కదా! నాది దుప్పి నెత్తిమీద కిరీటం."
ఇంకో రోజయితే ఊరుకునేవాణ్ణి కాదు. కొమ్ము వీణకి సోకు, మైనం ప్రాణం అనేవాణ్ణి. నాన్న పోయేముందు పని పంచాడు: కొమ్ము పెద్దోడికి, మేళం చిన్నోడికి. ఆ పంపకానికి ఎంత మిడిసిపడ్డాను!

7-11
దుప్పి ఏటా కొమ్ము రాల్చేసి తన దారిన పోతుంది. మళ్లీ మొలుస్తుంది. తేనెటీగకి ఉన్నది ఒక్క ముల్లు, ఊడితే చావే.
అన్నయ్యకి చెయ్యి నొప్పెడితే వారం పడుకుని లేస్తాడు. నాకు చెవి పోతే... ఇంట్లో మేళం కట్టేవాడు ఇంకొకడు లేడు. చెప్పలేను. మానలేను.

9-11, శనివారం
తీగలు కొనాలని అబద్ధం చెప్పి విజయనగరం బస్సెక్కాను. డాక్టరు — "నరం చచ్చిపోయింది. రెండో చెవి కూడా ఎన్నాళ్లో ఆగదు."
తీగలు కొనడం మరిచిపోయాను.

10-11
మధ్యమం మెట్టు దగ్గర, మైనం మీద బొటనవేలి ముద్ర. నాది కాదు, చిన్నది. మెట్లన్నీ కొద్దికొద్దిగా జరిగి ఉన్నాయి.
మా ఇంట్లో ఆడవాళ్లు మేళం ముట్టరు. కానీ పదహారేళ్లుగా పక్కనే కూర్చుని వింటోంది కదా నర్సమ్మ. ఒళ్లు మండింది. అడగలేదు. ముద్ర చెరిపేశాను. మెట్లు మాత్రం కదపలేదు — సిగ్గులేని వాణ్ణి.

13-11
వీణ చేయించుకున్న సంగీతం పంతులమ్మ గారు విజయనగరం నుంచి వచ్చి వాయించి చూసుకున్నారు. "మేళం ఎంత చక్కగా కుదిరిందీ! ఎవరు కట్టారు?"
అన్నయ్య రొమ్ము విరుచుకుని — "మా తమ్ముడేనండి."
నర్సమ్మ కుంపటి వైపు తిరిగిపోయింది.
"అయితే మా కాలేజీలో మూడు వీణలున్నాయి. సోమవారం మీరే రండి. పిల్లలు చూస్తుండగా కట్టాలి."
తలూపేశాను. ఈ బుర్రకి ఊగడం తప్ప ఇంకేం తెలుసు.

17-11, ఆదివారం
పొద్దున నర్సమ్మకి అంతా చెప్పేశాను — చెవి, డాక్టరు, భయం. "నాకెప్పుడో తెల్సు," అంది. ఏడ్చాను. రేపు నాతో రమ్మన్నాను.
ఇప్పుడు మైనం ముద్దలు సంచీలో పెడుతూ ఆగింది.
"నన్నేటని సెప్పి తీసుకెల్తావు?"
బొగ్గులూదడానికని అనబోయి మానుకున్నాను. నర్సమ్మ ఇంకా సంచీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది.