ఉగాది సంచికలోంచి తీసేసిన చేప

ఏప్రిల్ 7, మంగళవారం

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి, పోర్చుగల్ తీరంలో నజరే అనే ఊళ్ళో, అనసూయమ్మ గారు చేప తిన్నారు. వయసు డెబ్భై ఒకటి. జీవితంలో ఇదే మొదటిసారి. తిన్నది చేప అని ఆవిడకి తెలియదు. తినమన్నది నేను — అంటే, మా ఐర్లండ్ తెలుగు అసోసియేషన్ ఉగాది సంచికలో నా పేరుతో అచ్చయిన వ్యాసం. 'నజరేలో ఎక్కడ తినాలి, ఏం తాగాలి.'

ఫోన్ చేసింది ఆవిడ కొడుకు కార్తీక్. ములింగార్ ఆసుపత్రిలో డాక్టరు. ఈస్టర్ సెలవులకి అమ్మనీ పిల్లల్నీ తీసుకుని వెళ్ళాడు. హోటల్ బయట నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, ఆలూ బోండా అని రాసినవ్ గదా?"

"రాయలేదు."

"నీ పేరున్నది."

పేరుంది. అది నిజం.

పిల్లల్ని ఇసుకలోంచి లాక్కొచ్చేసరికి అమ్మ ఫోన్‌లో మన పేజీ చూపించి తెప్పించుకుందట. నాలుగు తినేసింది. మిగిలినది వీడు కొరికాడు.

"ఉప్పుచేప అక్కా. ఆలుగడ్డల కలిపి వేయించిన్రు."

అమ్మకి చెప్పావా అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం సంచిక తీశాను. నేను పంపింది పక్కన పెట్టుకుని చదివాను.

పంపింది: ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేపని బంగాళాదుంప, గుడ్డుతో కలిపి నూనెలో వేయిస్తారు. చూడ్డానికి బోండాలా ఉంటుంది. శాకాహారులు మోసపోవద్దు.

అచ్చయింది: బంగాళాదుంపతో చేసి నూనెలో వేయిస్తారు. అచ్చం మన బోండానే! శాకాహారులకు పండగే పండగ!

విజయవాడలో ఇరవై ఏళ్ళకు పైగా రిపోర్టర్‌గా చేశాను. నా రాతలో ఆశ్చర్యార్థకం పడటం ఇదే మొదలు.


ఏప్రిల్ 8

మళ్ళీ చదివాను. చేపలు పట్టి బతికే ఊరి మీద వ్యాసం. చేప అనే మాట ఒక్కచోటా లేదు. సార్డీన్ చేపలు తినాలంటే జూన్ దాకా ఆగమన్నాను — లేదు. ఆకుకూర సూపులో పంది సాసేజ్ ముక్క వేస్తారు, తీసి ఇవ్వమంటే ఇస్తారు గానీ ఉడికేది దానితోనే అన్నాను — 'వేడి వేడి ఆకుకూర సూప్' మిగిలింది. బీచ్ రోడ్డు మీద ఫోటోల మెనూ పట్టుకుని గుమ్మంలో నిలబడి పిలిచేవాళ్ళ దగ్గర తినొద్దు, రెండు సందులు వెనక్కి నీలం తలుపున్న హోటల్‌కి వెళ్ళమన్నాను — అది ఉంచారు. అందుకే అనసూయమ్మ గారు సరిగ్గా అక్కడికే వెళ్ళారు.

చాక్లెట్ కప్పులో పోసిచ్చే పుల్లచెర్రీ మద్యం 'చెర్రీ షర్బత్' అయింది.

ఖాళీ అయిన చోట సూర్యాస్తమయం ఫోటో. దాని కింద 'మనసు పులకరించే అలలు'. అలల గురించి నేనేమీ రాయలేదు. అలలు తినేవీ కావు, తాగేవీ కావు.


ఏప్రిల్ 9

ప్రసాద్‌కి ఫోన్. లీక్స్‌లిప్‌లో ఒక కంపెనీ మేనేజరు, మాకు సంపాదకుడు. రెండోది ఆయన చెప్పుకునే హోదా.

"ఉగాది సంచిక మేడమ్. మొదటి పేజీలో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. ఏడో పేజీలో చేపనెట్టా వేస్తామండీ? కమిటీ రూలు. మాంసం, మందు, గుడ్డు... ఆ మాటలే ఉండకూడదు."

"మరి చేపల ఊరి మీద వ్యాసం ఎందుకు అడిగారు?"

"ట్రావెల్ పేజీ ఉండాలి కదండీ. పోయినేడు వేరే అసోసియేషన్ వాళ్ళు పారిస్ వేశారు."

"వంటకంలోంచి చేప తీసేస్తే అది ఇంకో వంటకం, ప్రసాద్ గారూ."

"మనమేం అబద్ధం రాయలేదే! బంగాళాదుంప ఉందా లేదా అందులో?"

ఉంది. సగం.

అనసూయమ్మ గారి సంగతి చెప్పాను. "అయ్యో పాపం... ఆవిడకి తెలీదుగా? ఇంకేం మరి!" ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది. ఆ 'ఇంకేం మరి' అనే మాట అచ్చులో వేయాలనిపించింది. ఆయన ఫోటోతో.


ఏప్రిల్ 10

కార్తీక్ ఫోటో పంపాడు. పక్క ఊళ్ళో, చిన్న చాక్లెట్ కప్పు పట్టుకుని అనసూయమ్మ గారు. ఎర్రగా ఏదో. కారు ఆపి వచ్చేలోపే రెండు తాగేసిందట.

'దగ్గు తగ్గిందంటున్నది అక్కా.'




ఏప్రిల్ 11, శనివారం

సవరణ రాశాను. మూడు వాక్యాలు. ఏది తప్పు, ఏది నిజం, ఎవరు జాగ్రత్తపడాలి. ప్రసాద్‌కి పంపాను. జూన్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని ఆ ఊరికే వెళ్తున్నవాళ్ళు మా నేవన్ ఊళ్ళోనే ఇద్దరున్నారు. ఇద్దరి దగ్గరా ఆ సంచిక ఉంది.

వెంటనే ఫోన్ చేశాడు. "సవరణేంటి మేడమ్, మనదేమన్నా డైలీ పేపరా? సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి దసరా సంచికలో వేద్దాం."

"దసరా సంచికలో చేప అనే మాట వేస్తారా?"

"...అది దుర్గమ్మవారి కవర్ అండీ."

మా పత్రిక పండగలకే వస్తుంది. ఏ పండగకీ చేప పనికిరాదు. కాబట్టి ఈ తప్పు దిద్దడానికి వీలైన సంచిక ఎప్పటికీ రాదు. ఇదంతా తనే చెప్పి, తనకే అర్థం కాకుండా ఫోన్ పెట్టేశాడు. వాట్సాప్ గ్రూపులో నేనే పెడదామని చూశాను. అడ్మిన్లు మాత్రమే రాయగలరు. అడ్మిన్ ఆయనే.

గంట తర్వాత తన సవరణ తనే రాసి పంపాడు: 'కొన్ని పదార్థాలలో ఇతర పదార్థాలు కలిసి ఉండవచ్చు.'

దాచుకున్నాను. జర్నలిజం నేర్చుకునేవాళ్ళకి చూపించడానికి.


ఏప్రిల్ 12

మేం ఆ ఊరు వెళ్ళిన ఫిబ్రవరి గుర్తొస్తోంది. నజరే బీచ్‌లో వలల బల్లల మీద పొట్ట చీల్చి పరిచిన చేపలు. పక్కన కుర్చీలో శాలువా కప్పుకున్న ముసలామె. గాలికి ఎదురెళ్తే బందరు గిలకలదిండి చేపలరేవు వాసన. మా ఆయన ముక్కు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు.

నీలం తలుపు హోటల్లో వడ్డించే ఆవిడకి ఇంగ్లీషు రాదు. బోండాలో ఏముందని అడిగితే అరచేయి నిలబెట్టి నీళ్ళలో ఈదినట్టు ఆడించింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అట్టలాంటి ఎండుచేప తెచ్చి బల్ల మీద పెట్టింది. నాకు అనుమానం లేకుండా చేసి గానీ వెళ్ళలేదు. భాష రాకుండా ఆవిడ చెప్పగలిగింది. మా కమిటీకి రెండు భాషలు వచ్చు.


ఏప్రిల్ 14, మంగళవారం

కార్తీక్ వచ్చాడు. డ్యూటీ నుంచి ఇటే. టీ తాగలేదు.

"అక్కా, సవరణ గివరణ వద్దు. అమ్మ పేపర్ మొత్తం చదువుతది, యాడ్‌లు గూడ ఇడువది. తట్టుకోలేదు."

"జూన్‌లో వెళ్ళేవాళ్ళు?"

"వాళ్ళకు ఫోన్ జేసి చెప్పు. గది జాలు గదా?"

అది నిన్ననే చేశాను. ఆ మాటే అతనికి చెప్పాను. అతను తేలిక పడలేదు. అప్పుడు అడిగాను — కొరకగానే ఉప్పుచేప అని నీకెలా తెలిసింది?

కిటికీలోంచి ఎదురింటి గేటు చూశాడు.

"హాస్పిటల్ క్యాంటీన్‌ల శుక్రవారం ఫిష్ ఉంటది అక్కా."

"ఎప్పటినుంచి?"

"వచ్చినప్పటి సంది."

అయితే తట్టుకోలేనిది అమ్మ కాదు. ఆవిడ తిన్నది చేప అని చెప్పాలంటే, తనకెలా తెలిసిందో చెప్పాలి. పూజగదిలో ఆవిడ పక్కన కూర్చుని రోజూ మంత్రపుష్పం చదివే కొడుకు.

"తెలియక నేనే తప్పు రాశానని మీ అమ్మని అనుకోమను" అన్నాను.

"నిజంగనా అక్కా?"

"కాదు. నీ గుట్టు కోసం నన్నేం మోయమంటున్నావో నీకు వినిపించాలని అన్నాను."

తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళాడు. మర్యాదస్తుడు. ఈ వ్యవహారంలో అందరూ మర్యాదస్తులే.


ఏప్రిల్ 15

మా అమ్మాయికి చెప్పాను. ఇంగ్లీషులో అంది — ఆవిడకి నచ్చింది కదా మామ్, గ్రాండ్. ఇక్కడ గ్రాండ్ అంటే పర్లేదని.

ప్రసాద్ కూడా ఇదే అన్నాడు. పదమూడేళ్ళ పిల్ల అంటే సరే.


ఏప్రిల్ 16, గురువారం

పదకొండుకి అనసూయమ్మ గారే ఫోన్ చేశారు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు.

"బిడ్డా, గా ముచ్చట రాసింది నువ్వేనట గదా. మస్తుగ రాసినవ్. గా బోండాలు గిప్పటికీ యాదికొస్తున్నయ్."

"అమ్మా, ఆ వ్యాసంలో..."

"ఆగు, నన్ను జెప్పనియ్యి. నిన్న జేసిన. మొన్న జేసిన. ఆలుగడ్డ అదే, నూనె అదే. కొత్తిమీరేసిన, ఇంగువేసిన. ఏదో ఒక్కటి తక్కువైతాంది బిడ్డా. మా కార్తీక్‌ను అడిగితె నాకేం తెల్సు అంటడు. మొఖం అటు దిప్పుకుంటడు. నీకు తెల్సుంటది. పేపరోళ్ళు అన్ని అడిగి రాస్తరు గదా?"

అడిగే రాశాను, అన్నాను.

"గందుకే నీ దగ్గరికొస్తున్న. ఆదివారం ప్రసాద్ వాళ్ళ కొత్తింట్ల సత్యనారాయణ వ్రతం గదా. బోండాలు నేను దెస్తనని ఆయనకు మాటిచ్చిన. ఎంత సంబరపడ్డడో!"

నవ్వారు. వెనక కుక్కర్ విజిల్. ఆవిడకి ఆ రుచి ఏమిటో కనుక్కోవాలని ఉంది. దాన్ని పట్టుకుని మూడు రోజులుగా పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. ఈ పది రోజుల్లో ఈ విషయంలో నిజం కావాలని అడిగిన మొదటి మనిషి.


ఏప్రిల్ 18, శనివారం

కార్తీక్ మెసేజ్: 'అక్కా ప్లీజ్.' ఇంకేమీ లేదు.

ప్రసాద్ మెసేజ్: 'అనసూయమ్మ గారి స్పెషల్ బోండాలు రేపు నైవేద్యానికి! ఫోటో తీసి దసరా సంచికలో వేద్దాం మేడమ్. రెసిపీ మీరు రాయండి.'

బంగాళాదుంపలు తెచ్చాను. రేపు మా ఇంట్లోనే వేద్దాం, పొద్దున్నే ఉడకబెట్టి తొక్క తీసి ఉంచమని అనసూయమ్మ గారు చెప్పారు. పది గంటలకి కార్తీకే ఆవిడని మా ఇంట్లో దింపుతాడు. ఆ తక్కువైంది ఏమిటో నేను చెప్పాలి. పన్నెండున్నరకి వ్రతం.