సొన్నప్ప కారుకు రెండు గదుల బ్రేకు

సెప్టెంబరు 1, సోమవారం

నేను చెబుతున్నాను, మనవరాలు సవిత రాస్తోంది. నాకు చదువు రాదు. రేపు ఇంట్లో ఎవరూ "అవ్వా, నువ్వట్ల అన్లేదు" అనకుండా ఈ డైరీ.

నా ఫిర్యాదు ఇది. మా ఆయన అంబాసిడర్ కారుకు (ఆయన పేరు నేను పలకను, సవితే రాసుకుంటుంది: సొన్నప్ప) బ్రేకు సిలిండరు ఒకే గది. ఒక్క గొట్టం కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. నిన్న పోయింది. మారికుప్పం పల్లంలో పెడలు నేలకు అంటుకుంది. హ్యాండ్ బ్రేకు తీగ తెగి ఏళ్లయింది. గని మట్టి పోసిన సైనైడు దిబ్బ అడ్డం వచ్చింది కాబట్టి ఆగాము. దిబ్బ మెత్తన కాబట్టి బతికాము.

మెకానిక్ మునేష్ గొట్టం మార్చాడు. మార్చి చెప్పాడు: డబుల్ సిలిండరు వేస్తే ముందు చక్రాలకు ఒక గది, వెనక చక్రాలకు ఒక గది. ఒకటి పోయినా ఇంకొకటి పట్టుకుంటుంది.

ఈయన ఒప్పుకోడు. బంగారు గనిలో వైండింగ్ ఇంజను డ్రైవరుగా చేసినవాడు ఈయన. మనుషుల్ని లోపలికి దించే బోను ఈయన చేతిలో ఉండేది. గంట మూడుసార్లు మోగితే బోనులో మనుషులున్నారని గుర్తు. రెండు బ్రేకులూ పరీక్షించనిదే కదిలించేవాడు కాదు. అలాంటివాడు ఇప్పుడంటాడు: "బ్రేకు నా కాల్లో ఉండాది లేవే."

సవితకు నెలలు నిండుతున్నాయి. మొగుడు దర్శన్ తెల్లారుతూనే బెంగళూరు రైలెక్కుతాడు, దీపాలు పెట్టాక దిగుతాడు. నొప్పులొస్తే తమక ఊరి ఆస్పత్రికి పోవడానికి ఈ కారే దిక్కు.

నా పట్టు: రెండు గదుల బ్రేకు పడేదాకా ఆ కారెక్కను, ఎవరినీ ఎక్కనివ్వను. తాళంచెవి నా కొంగున ఉంది.

సెప్టెంబరు 4, గురువారం

సిలిండరుకు చెప్పేశాను. మునేష్ బెంగళూరు నుంచి తెప్పిస్తాడు. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. ఈయన రాత్రి అన్నం వద్దన్నాడు. తర్వాత తిన్నాడు.

బజారుకు నడిచి పోయాను. నడిచే వచ్చాను! కారు లేకపోతే కాళ్లు లేవా?

సెప్టెంబరు 6, శనివారం

వచ్చింది! చిన్న రోకలంత ఉంది. సోమవారం వేస్తాడు.

మోకాళ్లు కొంచెం.

సెప్టెంబరు 8, సోమవారం

మహాలయ పక్షం పెట్టింది. కొత్త సామాను వేయకూడదు. మునేష్ సంచి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "అవ్వా, బ్రేకుకి పక్షమేముండాదవ్వా?" అన్నాడు. పెద్దలకు కోపమొస్తే ఏ బ్రేకూ పట్టదని చెప్పి పంపించాను. సిలిండరు దేవుడి గూట్లో ఉంది. అక్కడ క్షేమం.

సెప్టెంబరు 12, శుక్రవారం

బేతమంగళలో మా అత్త తిథి. బస్సులో కాలు పెట్టే సందు లేదు. కారెక్కాను.

ఆ దారి చదును. పల్లమే లేని చోట బ్రేకుకు పనేముంది? చదును దారికి నా పట్టు వర్తించదు. సవిత రాస్తూ నవ్వింది. నవ్విందని కూడా రాయమన్నాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

కామసముద్రంలో మా చెల్లెలు రత్న పెద్దలకు పెట్టుకుంది. నాటుకోడి, రాగి సంగటి. పోకపోతే పెద్దలకు అవమానం.

ఆ దారిలో పల్లాలున్నాయి. తెలుసు. అందుకే ఈయన చక్రం కింద పెట్టే రాయి నా ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. బ్రేకు పోతే దూకి చక్రానికి అడ్డం వేస్తాను. లెక్కకు రెండు బ్రేకులైనట్టే.

తిరిగి వచ్చేటప్పుడు కునుకు పట్టింది. రాయి జారి ఈయన కాలి మీద పడింది. బ్రేకు తొక్కే కాలు కాదు, ఎడమది. ఇంత గొడవ దేనికో!

సెప్టెంబరు 23, మంగళవారం

పక్షం అయిపోయింది, మునేష్ వచ్చాడు. వారం తిరిగితే ఆయుధ పూజ, పూజ కాని ఇనుమును పనిలో పెడతారా అన్నాను. తల గోక్కుంటూ పోయాడు.

ముడి వేసి విప్పి, వేసి విప్పి కొంగు చిరుగుతోంది. తాళంచెవిని మేకుకు తగిలించాను. అందరికీ అందేంత ఎత్తులో. సౌకర్యం.

అక్టోబరు 1, బుధవారం

ఆయుధ పూజ. గనిలో వైండింగ్ రూముకు కొత్త సామాను వస్తే ఇంజనాయిల్ పట్టించి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాతే పనికి తీసేవాళ్లు. పొడి ఇనుముతో చాకిరీ చేయించడం పాపం. ఈయనే చెప్పేవాడు.

సిలిండరుకు రెండు గదులూ నిండేలా ఇంజనాయిల్ పోశాను. ఊపాను. మళ్లీ పోశాను. ఈయన కూడా వచ్చి దండం పెట్టుకున్నాడు. నేనే గెలిచాను.

అక్టోబరు 3, శుక్రవారం

మునేష్ కారును షెడ్డుకు తోలుకుపోయి పాత సిలిండరు ఊడదీశాడు. ఊడదీసేటప్పుడు దాని రబ్బరు చిరిగింది. కొత్తది విప్పితే లోపలి రబ్బర్లన్నీ నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి.

"బ్రేకు రబ్బరుకి ఇంజనాయిల్ విషం గదవ్వా. ఎవురు పోసినారు?"

పోయలేదని నేను అనలేదు. పూజ చేశానన్నాను. ఆయిల్ చూసి ఉబ్బిపోయేది ఒక రబ్బరా?

మొదట ఒక గది ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

అక్టోబరు 8, బుధవారం

ఇవాళ రాస్తున్నది సవిత కాదు, ఈయన. అక్షరాలు గంతులేస్తున్నాయట, వేయనీ.

సోమవారం మధ్యాహ్నం సవితకు నొప్పులొచ్చాయి. దర్శన్ బెంగళూరులో. కారు షెడ్డులో రాళ్ల మీద. నూట ఎనిమిదికి ఫోన్ చేశాము. బండి రాగానే బ్రేకుకు ఎన్ని గదులని డ్రైవరును అడిగాను. "ఎక్కమ్మా మొదలు" అన్నాడు. ఎక్కాను. దారి పొడుగునా సవిత నా చెయ్యి నలిపింది.

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

అక్టోబరు 12, ఆదివారం

ఇంటికి పంపించారు. ఆస్పత్రి గేటు దగ్గర చూస్తే అంబాసిడర్, మూతికి చామంతి దండ. మునేష్ పాత సిలిండరుకే రబ్బరు మార్చి ఇచ్చాడట. మునిమనవరాలిని తానే తీసుకుపోవాలని ఈయన కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

నాకు నిలబడే ఓపిక లేదు. నిజం చెబుతున్నాను, ఎక్కాను. సవిత, దర్శన్ ఎక్కారు. బిడ్డ నా ఒళ్లో.

ఈయన తాళం తిప్పబోయాడు. నా చెయ్యి దానంతటదే కిటికీలోంచి పోయి కారు కప్పు మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు.

ఈయన వెన్ను నిటారైంది. కాలు బ్రేకు తొక్కింది. చెయ్యి రెండో బ్రేకు కోసం పక్కన వెతికింది. తెగిన హ్యాండ్ బ్రేకు ఊరికే పైకి లేచి వచ్చింది. దాన్ని అలా పట్టుకునే కూర్చున్నాడు.

"ఎవురే కొట్టింది?"

"నేనే. లోపల మనుషులుండారు."

"బ్రేకు ఒగటే ఉండాది గదే," అన్నాడు.

తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. దర్శన్ ట్యాక్సీ పిలిచాడు. ఇల్లు చేరేదాకా ఈయన ట్యాక్సీ డ్రైవరు పక్కన కూర్చుని కుడికాలితో నేలను తొక్కుతూనే ఉన్నాడు.

అక్టోబరు 13, సోమవారం

మళ్లీ మొదలు. పట్టు ఇద్దరిదీ. రెండు గదుల బ్రేకు పడేదాకా, హ్యాండ్ బ్రేకుకు తీగ పడేదాకా ఆ బిడ్డ కారెక్కదు. మేమూ ఎక్కము, చదును దారైనా, నాటుకోడైనా. తాళంచెవి కొత్త చీర కొంగున ఉంది.

కొత్త రబ్బర్లు వస్తున్నాయి. సిలిండరు మునేష్ షెడ్డులోనే ఉంటుంది. నేను ముట్టను. ఈ మాట కింద ఈయన రెండు గీతలు గీశాడట.

దీపావళి దగ్గరపడింది కాబట్టి ఒక్క కుంకుమ బొట్టు మాత్రం. పైనే. లోపల కాదు.

ఈయన కలం ఆపాడు. రాయవయ్యా అన్నాను.