ట్రంకుపెట్టె తాళంచెవి

శిరీషా,

రెంటచింతల బస్సుకు టైమయింది. మా చెల్లెల్ని చూసి ఎల్లుండి వస్తా. ఈ రెండ్రోజులూ డ్యూటీ నుంచి ముందే వస్తానన్నావుగా, మోక్షిత బడి నుంచి రాగానే పంచదార వేయకుండా పాలివ్వు. తర్వాత ఆడుకోవడానికి పంపు, పీల్చే మందు నీ దగ్గర ఉంచుకో. కాస్త రొప్పగానే నాలాగా లోపలికి పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టకు.

బరువు కూడా ఆయాసాన్ని పెంచుతుందని మొన్న డాక్టరు చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. కోటప్పకొండ తిరునాళ్లలో ఎవరో "మీ పిల్ల బొద్దుగా చానా ముద్దొస్తందే" అన్నారని మురిసిపోయి, ఇంటికొచ్చి ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేశాను. ఆ పొగకు అది దగ్గుతుంటే దిష్టి పోతోందనుకున్నా. దగ్గి నీరసపడిందని అప్పట్నుంచి రోజూ నువ్వు డ్యూటీ నుంచి రాకముందే జంతికలు, బిస్కెట్లు పెట్టా. అన్నం తగ్గించినా బరువు తగ్గట్లేదేమని నువ్వు బాధపడుతుంటే, అది దాని ఒంటి తత్వంలే అన్నా.

ఇకమీదట దిష్టి ఉప్పుతోనే తీస్తాలే.

అత్తయ్య

మరిచిపోయా, ఆ జంతికలు, బిస్కెట్లు అన్నీ నా ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. తాళంచెవి ఈ చీటీ కింద పెట్టా. నేనొచ్చి అడిగినా ఇవ్వకు. అది "నానమ్మా, ఒక్కటే" అంటే నా చెయ్యి ఆగదు.