కోయోల్ ముల్లు కొన

ఒలాంచో, ఏప్రిల్ 9

అక్కా,

నా మోకాలి సంగతి అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు. ఇక భయం లేదు.

కల్లు తీయడానికి, ఒళ్ళంతా ముళ్ళుండే కోయోల్ తాటిచెట్టును నరికి పడగొడుతుంటే దాని ముల్లు మోకాట్లో దిగింది. పీకి పారేయబోతే నీ మరదలు నసారియా లాక్కుని కాగితంలో చుట్టింది. సబ్బునీళ్ళతో గాయం కడిగింది.

"మొగుణ్ణి వదిలేసి ముల్లుని దాస్తావేంటే?" అని నవ్వాను.

గాయం నాలుగు రోజుల్లో మానింది. మూడు వారాలకు మోకాలు గుమ్మడికాయలా వాచి, మడత పడలేదు. పిన్నీసుతో కెలుక్కోబోతే నసారియా ఊరుకోలేదు.

"కాలు తీయించుకుంటావా, మహానుభావా? పద ఆసుపత్రికి!"

నసారియా దాచి తెచ్చిన కాగితం డాక్టరమ్మ విప్పి, ముల్లు చూసి, "దీని కొన ఏదయ్యా?" అంది. అది నా మోకాట్లోనే ఉంది. చిన్న ఆపరేషన్ చేసి బియ్యపు గింజంత ముక్క తీసింది. ధనుర్వాతం సూది మొదటి రోజే వేయించుకోవాల్సిందని తిట్టి మరీ వేసింది.

కుట్లు మానాక, నిన్న చర్చిలో మోకరిల్లాను. లేచేటప్పుడు నసారియా చెయ్యి అందించింది. అవసరం లేకపోయినా పట్టుకున్నాను.

నీ తమ్ముడు