పక్క డబ్బాలో కత్తెర

అక్కకు నీ చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ నీ కుడి మణికట్టు తప్ప మిగతా అంతా క్షేమమని తలుస్తాను.

ఎడమ చేత్తో నువ్వు రాసిన ఉత్తరం సోమవారం అందింది. మొదటి పేజీ చదవడానికి పావుగంట పట్టింది. మీ మరిది తొంగిచూసి, "ఇది మీ అక్క రాసిందా, కోడి కెలికిందా?" అన్నాడు. ఆయన మాటలకేం గానీ, రెండో పేజీకి వచ్చేసరికి అక్షరాలు బాగానే కుదురుకున్నాయి. చేతికి చెప్పిన వ్యాయామం రోజుకు మూడుసార్లు చేస్తున్నావా? నీ సంగతి నాకు తెలుసు, కట్టు విప్పిన రోజే కుట్టు మిషను ముందు కూర్చునే రకానివి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పిల్లదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, ఇప్పుడు నవ్వమన్నా నవ్వడం లేదు. నువ్వు కుట్టి పంపిన గౌను భుజాల దగ్గర చక్కగా కుదిరింది, పొడవు మాత్రం వేలెడు తగ్గింది. కొలత తప్పు కాదు, అదే పెరిగింది. ఇక, "మీ ఆసుపత్రిలో ఆ ప్రోగ్రాం గొడవ తీరిందా?" అని అడిగావు. తీరింది, అదీ నీవల్ల.

నీకు తెలిసిందే, ల్యాబులో కంప్యూటర్ల పని నాది. రక్తపరీక్ష యంత్రం ఇచ్చే అంకెలను పై అంతస్తు వార్డులకు పంపే ప్రోగ్రాం కింద గదిలోని లినక్స్ సర్వరులో ఉంటుంది. నేను మొదలుపెడితే రోజంతా కిక్కురుమనకుండా పనిచేస్తుంది. కానీ రాత్రి ల్యాబు మూసేటప్పుడు సర్వరు ఆగుతుంది, పొద్దున ఆరింటికి మళ్ళీ లేస్తుంది. దాంతోపాటు ఈ ప్రోగ్రాం కూడా ఎవరూ ముట్టుకోకుండా లేవాలంటే దాన్ని సర్వీసుగా ఇన్‌స్టాల్ చేయాలి. అక్కడే మొండికేసింది. సగం దాకా వచ్చి, సెట్టింగుల ఫైలు కనబడలేదు అంటూ చేతులెత్తేసేది. ఫైలేమో నా కళ్ళెదుటే ఉండేది. చదివే అనుమతి లేదేమోనని ఇచ్చాను. ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్ళీ పెట్టాను. అమ్మినవాళ్ళకు రాస్తే, మా దగ్గర బాగానే నడుస్తోంది అని ఒక ముక్క రాసి ఊరుకున్నారు. విసుగొచ్చి వదిలేయడం, వారం తిరక్కుండా మళ్ళీ పట్టుకోవడం, ఇదే నా బతుకైంది.

అప్పుడు నీ ఉత్తరంలో బావ కత్తెర కథ చదివాను. నువ్వు ఆసుపత్రిలో ఉండగా కత్తెర ఎక్కడుందని ఆయన ఫోన్ చేశాడని, "పక్క డబ్బాలోనే ఉందండీ" అని నువ్వు చెప్పావని, ఆయన గుమ్మంలో నిలబడి ఆ పక్కనున్న చెప్పుల డబ్బా అంతా బోర్లించాడని రాశావు. నవ్వుకున్నాను. దాని కిందనే, "తప్పు ఆయనది కాదులే, నేను మిషను ముందు నా కుర్చీలో కూర్చున్నట్టే చెప్పాను" అని రాశావు. టీ సగంలో వదిలేసి ఆసుపత్రికి, ఆ కింద గదిలోకి పరుగెత్తాను.

ఆ ప్రోగ్రాంలో కూడా అంతే రాసి ఉందక్కా, సెట్టింగులు పక్కనున్న ఫైలులో చూడమని. నేను రోజూ ముందు ఆ ఫోల్డరులోకి వెళ్ళి, అక్కడినుంచి దాన్ని మొదలుపెడతాను. చేతులకు ఎంత అలవాటైపోయిందంటే, అలా వెళ్ళడం కూడా ఒక పనేనని నాకు తట్టలేదు. సర్వీసు అలా లోపలికి వెళ్ళదు. సర్వరు దాన్ని బావలాగా గుమ్మంలోనే నిలబెట్టి పని మొదలుపెట్టమంటుంది. అక్కడ పక్కన ఏ ఫైలూ లేదు. ఫలానా ఫోల్డరులోకి వెళ్ళి అక్కడినుంచి మొదలుపెట్టు అని ఒకే ఒక్క లైను చేర్చాను. ఈసారి ఇన్‌స్టాల్ అయింది. సర్వరు ఆపి, మళ్ళీ ఆన్ చేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాల్లో, నడుస్తోంది అని పచ్చగా కనబడింది. నాకు ఏడుపొచ్చింది.

ఇంతమాత్రానికి ఏడుపెందుకు అంటావు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏదో ఒకటి అడుగుతావు, నేను మళ్ళీ మాట మార్చేస్తాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీ ఆపరేషనుకు రాలేకపోయినప్పుడు సెలవు ఇవ్వలేదని చెప్పాను. నేను అసలు అడగలేదక్కా. ఈ ప్రోగ్రాం పెట్టిన వారంలోనే మీటింగులో పెద్ద డాక్టరుగారు, "ఇది దానంతటదే మొదలవుతుందా అమ్మా?" అని అడిగారు. రెండు రోజుల్లో సరిచేస్తాను కదా అని "అవునండీ" అనేశాను. అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రెండు రోజులు పదకొండు నెలలయ్యాయి. ఆదివారాలతో సహా రోజూ ఆరున్నరకల్లా వెళ్ళి, ఎవరూ రాకముందే నా చేత్తో మొదలుపెట్టి వచ్చేదాన్ని. ఒక్క రోజు వెళ్ళకపోయినా బండారం బయటపడేది. మీ మరిదికి కూడా పని ఎక్కువగా ఉందనే చెప్పాను. నిన్ను ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళిన పొద్దున కూడా నేను ఆ కింద గదిలోనే ఉన్నాను. నువ్వేమో ఫోనులో నన్నే ఓదార్చావు, మీ డాక్టరుది రాతిగుండె అని ఆయన్ని తిట్టావు. పాపం, ఆయనకేమీ తెలియదు.

బుధవారం ఆయన గదికి వెళ్ళి అంతా చెప్పాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా మొదలైందమ్మా?"

"నేనే వచ్చి మొదలుపెట్టానండీ."

"ఆదివారాలు కూడానా?"

"ఆదివారాలు కూడానండీ."

"నీకు జ్వరమొచ్చి పడుకుంటే వార్డుల్లో వాళ్ళ గతేంటి?"

బాగా చివాట్లు పెట్టారు, పెట్టాల్సినవే. తలొంచుకుని విని, చివర్లో సెలవు చీటీ ఆయన ముందు పెట్టాను. "ఒక్కసారీ సెలవడగదేంటి ఈ అమ్మాయి అనుకునేవాణ్ణి" అంటూ సంతకం చేశారు.

గురువారం కావాలనే తొమ్మిదిన్నరకు వెళ్ళాను. పైకి రిపోర్టులు వెళ్ళిపోతున్నాయి. నేను లేనని ఎవరూ గమనించలేదు. కాస్త చిన్నబోయాను గానీ, తర్వాత కడుపు నిండా టిఫిను తిన్నాను.

వచ్చే శనివారం బయలుదేరి వస్తాను, పది రోజులు ఉంటాను. నీలాగా కుట్టలేను గానీ గుండీలు, కాజాలు కుడతాను. నామీద కోపం వస్తే దాచుకోకు, వచ్చాక ఎదురుగా తిట్టు. నీకు కత్తి పెట్టిన రోజు నేను నీ దగ్గర లేను, ఆ తప్పు ఇప్పుడు వచ్చినా పోదని తెలుసు. రావద్దనిపిస్తే ఎడమ చేత్తోనే ఒక్క ముక్క రాయి, ఎంత కెలికినా చదువుకుంటాను. శనివారం లోపు ఉత్తరం రాకపోతే మాత్రం బావకు చెప్పు, ఇకమీదట ఏదైనా కావాలంటే వెతకొద్దని. నేను వచ్చి నీ కుర్చీలో కూర్చుని, అక్కడినుంచి చూసి తీసిస్తాను.

ఇట్లు,
సెలవడగడం ఆలస్యంగా నేర్చుకున్న
నీ చెల్లెలు